బాడుగ ఇంట్లో చెమ్మ, బొద్దింకలు, ఎలుకలు: ఓనరు పనేది, మన పనేది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ మా అపార్టుమెంటులోనూ చుట్టుపక్కలా జనం నన్ను అడిగినవే. కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు 40 ఫ్లాట్ల అసోసియేషన్‌కు నేను సెక్రటరీని. అంతకుముందు తొమ్మిదేళ్లు బాడుగ ఇళ్లలోనే ఉన్నాం. ఇప్పుడు మాకున్న చిన్న ఫ్లాటు ఒకటి బాడుగకు ఇచ్చాం. బాడుగ కట్టేవాళ్ల బాధ తెలుసు, తీసుకునేవాళ్ల ఖర్చూ తెలుసు.

మా చిన్నమ్మాయికి నాలుగేళ్లప్పుడు రాత్రిపూట దగ్గు మొదలైంది. తర్వాత పడుకుంటే చాలు పిల్లికూతలు. కషాయాలు, కాపడాలు, సిరప్పులు అన్నీ అయ్యాయి. చివరికి పిల్లల డాక్టరు ఒకాయన స్టెతస్కోపు పక్కన పెట్టి అడిగారు: "పాప మంచం ఏ గోడ పక్కన ఉందమ్మా? ఆ గోడకు చెమ్మ ఉందా? వంటింట్లో బొద్దింకలున్నాయా?" ఇంటికొచ్చి మంచం జరిపి చూస్తే గోడ మీద మూరెడు పొడవున నల్లటి బూజు. ఆ గోడకు అవతల వైపు బాత్రూం. ఓనరుకు చెప్తే "వానాకాలం కదమ్మా, ఎండలొస్తే అదే ఆరిపోతుంది" అన్నారు. ఎండలొచ్చాయి, అవీ కర్నూలు ఎండలు. గోడ మాత్రం ఆరలేదు. ఆ నీళ్లు వానవి కావు, పైపువి. ఆ సంగతి తేలడానికి మాకు 11 నెలలు పట్టింది. ఇంకే ఇంట్లోనూ అన్ని నెలలు పోకూడదని ఇదంతా రాస్తున్నాను.

బొద్దింకలకూ పిల్లల ఆయాసానికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. బొద్దింక రెట్ట, ఎంగిలి, అది విడిచిన పొట్టు ఎండిపోయి పొడై ఇంట్లో దుమ్ములో కలుస్తాయి. ఆ పొడిలోని ప్రోటీన్లు కొందరికి పడవు. ముక్కు కారడం, కళ్లు దురద, దగ్గు, ఉబ్బసం ఉన్న పిల్లలకైతే ఆయాసం. ఎలుక మూత్రంతోనూ ఇదే తంతు. గోడ బూజు గాల్లోకి వదిలే కంటికి కనిపించని బీజాలతోనూ అంతే. పరుపుల్లో ఉండే దుమ్ము పురుగులు (డస్ట్ మైట్స్ అంటారు) కుట్టవు, కనిపించవు. వాటి రెట్టే ఎలర్జీ తెస్తుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బొద్దింకలన్నీ చచ్చిపోయినా వాటి పొడి నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. మందు కొట్టించాక అలమరలు, మూలలు సబ్బునీళ్ల తడిగుడ్డతో తుడవకపోతే పురుగు పోయినా జబ్బు మిగులుతుంది.

అసలు ఇది ఎవరి బాధ్యత? ఓనరుదా, మనదా?

ఈ ఒక్క ప్రశ్న మీద మెట్ల దగ్గర జరిగిన గొడవలు లెక్కలేదు. నేను చెప్పేది ఒక్కటే: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, సందు ఎక్కడుంది అని చూడండి. గోడలో పైపు, స్లాబు, బాత్రూం టైల్సు కింద లీకు, తలుపు కింద ఖాళీ, పైపు గోడలోకి దూరే చోట బొక్క, ఇవన్నీ కట్టడానికి సంబంధించినవి. అవి ఓనరు పని. రాత్రి కడగని గిన్నెలు, మూతలేని చెత్తడబ్బా, మంచం కింద పేర్చిన అట్టపెట్టెలు ఉండేవాళ్ల పని.

చట్టం కూడా దాదాపు ఇదే దారిలో ఉంది. కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం రాష్ట్రాలకు నమూనా. అందులో పనుల పంపకం విడిగా ఒక షెడ్యూలులో రాశారు. కట్టడం మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు పెయింటు, అవసరమైతే పైపులు మార్చడం, వైరింగు ఓనరు వైపు. కుళాయి వాషర్లు, డ్రైన్ శుభ్రం చేయడం, సింకు, కమోడ్ రిపేర్లు, కిటికీ దోమ మెష్ మార్చడం బాడుగకున్నవాళ్ల వైపు. మెష్ సంగతి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు, కానీ అందులో ఉన్నది అదే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా తెలిసి ఉండాలి. పైకి కనిపించని పెద్ద లోపం ఇంటికుండి, ఓనరుకు తెలిసి ఉంటే, ఇచ్చేముందే చెప్పాలి. కొత్త పెయింటు కింద చెమ్మను దాచి ఇల్లివ్వడం ఈ లెక్కలోకే వస్తుందని నా అభిప్రాయం. తాను చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా ఓనరు తగిన సమయంలో చేయకపోతే, మనం చేయించుకుని ఖర్చును బాడుగలో తగ్గించుకోవచ్చని కూడా ఆ సెక్షన్‌లో ఉంది. కానీ ఇందులో ఒక మెలిక: ఆ మరమ్మతు ఓనరే చేయాలని ముందే ఒప్పందం ఉంటేనే అది గట్టిగా నిలబడుతుంది. అందుకే అగ్రిమెంటులో రాత ముఖ్యం.

మా అగ్రిమెంటులో పురుగులు, చెమ్మ అన్న మాటే లేదు. ఇప్పుడెలా?

ఎక్కడా ఉండదు. అందరూ 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. పాతదానికి జిరాక్సు తీసి పేర్లు, తేదీలు మార్చేస్తారు. ఈసారి రెన్యువల్ అప్పుడు నాలుగు వాక్యాలు కలపమనండి. గోడ, స్లాబు, పైపు లీకులు చెప్పిన 15 రోజుల్లో ఓనరు బాగు చేయించాలి. ఇల్లు అప్పగించే ముందు ఒకసారి పెస్ట్ కంట్రోల్ ఓనరు ఖర్చుతో చేయించాలి. ఆ తర్వాత ఇల్లు శుభ్రంగా ఉంచే పూచీ ఉండేవాళ్లది. పొరుగు ఫ్లాటు నుంచో, షాఫ్టు (బాత్రూం పైపులు పైనుంచి కిందకి దిగే నిలువు సందు) నుంచో వచ్చే పురుగుల సంగతి ఓనరు అసోసియేషన్‌తో మాట్లాడాలి. మంచి ఓనరెవరూ వీటికి కాదనరు. కాదన్నారంటే ఆ ఇంటి గురించి మీకు ఒక సమాచారం ముందే దొరికినట్టు.

అసోసియేషన్ పని ఎక్కడ మొదలవుతుంది?

మీ గుమ్మం బయట. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మెట్లు, మిద్దె, సెల్లారు లాంటివి అందరి ఉమ్మడి ఆస్తి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, డ్రైనేజీ ఛాంబర్లు, బాత్రూం పైపులు దిగే షాఫ్టు మెయింటెనెన్స్ డబ్బుతో అసోసియేషన్ చూసుకోవాలి.

షాఫ్టు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. మా దగ్గర 2వ అంతస్తులో ముగ్గురు బొద్దింకలని ఫిర్యాదు చేశారు. ముగ్గురి వంటిళ్లూ అద్దంలా ఉన్నాయి. ప్లంబర్ భాయ్ షాఫ్టు తలుపు తీసి టార్చి కొడితే, పైనుంచి కిందకి దిగే పెద్ద పైపుకు ఒక జాయింటు దగ్గర చుక్క చుక్కగా నీళ్లు. పైనుంచి విసిరిన షాంపూ ప్యాకెట్లు, తల వెంట్రుకల ఉండలు అడుగున మోకాలెత్తు పేరుకుని నాని ఉన్నాయి. దాని మీద గోడంతా కదులుతోంది. గోధుమరంగు పెద్ద బొద్దింకలు, వందల్లో. ప్రతి ఫ్లాటు బాత్రూం పైపూ ఆ షాఫ్టులోకే వస్తుంది, పైపు చుట్టూ బొటనవేలు దూరేంత ఖాళీ. ముగ్గురూ మూడేళ్లుగా విడివిడిగా మందు కొట్టించుకుంటున్నారు. జాయింటు మార్చి, చెత్త తీయించి, ఖాళీలు సిమెంటుతో పూడిస్తే నెలన్నరలో ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ ఏడాది నుంచి వానాకాలానికి ముందు, తర్వాత రెండుసార్లు షాఫ్టు తెరిచి చూస్తున్నాం.

నెలకోసారి స్ప్రే కొట్టిస్తున్నాం. వారానికే మళ్లీ వస్తున్నాయి. ఎందుకు?

మూడు కారణాలు.

మొదటిది, వంటింట్లో తిరిగే చిన్న బొద్దింక వేరు, డ్రైనేజీ నుంచి వచ్చే పెద్దది వేరు. చిన్నదాన్ని జర్మన్ బొద్దింక అంటారు, ఒకటిన్నర సెంటీమీటర్లకు మించదు, మెడ మీద రెండు నల్ల చారలుంటాయి. ఆడది 30 నుంచి 40 గుడ్లున్న సంచిని పొదిగేదాకా ఒంటికే తగిలించుకుని తిరుగుతుంది. స్ప్రేకి తల్లి చచ్చినా సంచిలోని గుడ్లన్నీ చావవు. మళ్లీ పుడతాయి.

రెండోది, స్ప్రే అవి దాక్కునే చోటికి చేరదు. మన వైపు వంటిళ్లలో అరలన్నీ కడప బండలే కదా. బండ గోడలోకి దిగే చోట కాలక్రమంలో సిమెంటు ఊడి సన్నటి గీతలా సందు పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. రాత్రి పదింటికి లైటు ఆర్పి, అయిదు నిమిషాలు ఆగి, టార్చి వేసి బండ అడుగు భాగం చూడండి. ఆ గీత పొడవునా మీసాలు బయటికి పెట్టుకుని వరసగా ఉంటాయి. పక్కన మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే అవి వాటి రెట్టలు. అక్కడే పని జరగాలి.

మూడోది నీళ్లు. తిండి లేకపోయినా కొన్ని వారాలు బతుకుతుంది, నీళ్లు లేకపోతే రెండు వారాలు కూడా కష్టం. సింకు కింద కారే ఒక్క చుక్క దాన్ని బతికిస్తుంది.

అందుకే వరస ఇలా ఉండాలి: ముందు లీకు ఆపించడం (ఓనరు), బండ సందులు తెల్ల సిమెంటుతో పూడ్చడం (ఓనరు), రాత్రిపూట సింకు పొడిగా తుడిచి పడుకోవడం (మనం), ఆ తర్వాత జెల్, అంటే బొద్దింకలు తిని చచ్చే ముద్దలాంటి మందు. తలుపు బందుల దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ మోటారు వెనక కందిపప్పు బద్దంత బొట్లు పెడతారు. అది తిన్న బొద్దింక గూటికి పోయి చస్తుంది, దాని రెట్ట తిన్నవీ చస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకండి, ఫినాయిలుతో తుడవకండి. వాసన తగిలితే అవి జెల్ జోలికి రావు, డబ్బు దండగ.

మందు కొట్టేవాళ్లను ఎలా ఎంచుకోవాలి?

ఏ మందు వాడుతున్నారో పేరు అడగండి, డబ్బా చూపించమనండి. డబ్బుకు పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్లకు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అది కూడా అడగండి. "వాసన ఘాటుగా ఉంటేనే పని చేస్తుంది" అనేవాళ్లను పంపించేయండి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే స్ప్రే రోజు వాళ్లను బంధువుల ఇంటికి పంపి, కిటికీలు తీసి బాగా గాలాడాకే తీసుకురండి. డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేయొచ్చు.

ఇక్కడ ఒక్క విషయం చేతులు పట్టుకుని చెప్తున్నాను. ధాన్యం బస్తాల్లో పెట్టే బిళ్లలు, అల్యూమినియం ఫాస్ఫైడ్, ఎంత పురుగులున్నా, నల్లులున్నా, ఎలుకలున్నా ఇంట్లో పెట్టకండి, పెట్టనివ్వకండి. గాలిలోని తేమ తగిలితే చాలు, అది ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. పక్క ఫ్లాటులో పెట్టినా షాఫ్టు ద్వారా, సందుల ద్వారా మీ పడకగదికి రావచ్చు. పొరుగువాళ్లు పెట్టారని తెలిస్తే మొహమాటపడకండి, పిల్లలను తీసుకుని బయటికొచ్చేయండి. వాంతులు, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

గోడకు చెమ్మ దిగింది. ఓనరు పెయింటు వేయిస్తానంటున్నారు. సరిపోతుందా?

సరిపోదు. తడి గోడ మీద పుట్టీ, పెయింటు వేస్తే ఆర్నెల్లలో అప్పడంలా లేచి ఊడిపోతుంది, దాని వెనక బూజు ఇంకా పెరుగుతుంది. ముందు నీళ్లు ఎక్కడివో తేల్చాలి.

ఖర్చులేని పరీక్ష ఒకటుంది. చెమ్మ ఉన్న చోట గోడను గుడ్డతో తుడిచి, పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరుకు గోడ వైపు నీటి బిందువులు పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గది వైపు పడితే గది గాలిలోని తేమ. రెండోదైతే కిటికీలు తీయడం, గదిలో బట్టలు ఆరేయకపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం మన పని.

గోడలోంచే అయితే పై ఫ్లాటు బాత్రూం చూడాలి. మా దగ్గర నీలిమందు వాడతాం. పై ఫ్లాటు బాత్రూం జాలీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, అందులో నీలిమందు కలిపి ఒక రోజు వదిలేస్తాం. కింద స్లాబుకు నీలి మరక దిగిందంటే ఇక వాదన లేదు. పోయినేడు ఇద్దరు ఓనర్లు ఆర్నెల్లు మాటల్లేకుండా ఉన్నారు, "నీది", "కాదు నీది" అని. మర్నాడు పొద్దున నీలి మరక చూసి పై ఫ్లాటు ఆయనే "భాయ్‌ని పిలవండమ్మా, టైల్సు తీయించేస్తా" అన్నారు.

కింది అంతస్తుల్లో ఇంకో రకం చెమ్మ ఉంటుంది, నేలలోంచి గోడ పైకి పాకేది. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు మనది. 2009 అక్టోబరు వరదలో నీళ్లు నిలిచిన వీధుల్లో పాత ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అడుగు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తుదాకా గోడ మీద ఉప్పు పూసినట్టు తెల్లగా వస్తే అది ఆ రకం. పెయింటుతో తగ్గదు, ఓనరు ఆ ఎత్తు వరకు ప్లాస్టరు చెక్కించి వాటర్ ప్రూఫింగ్ చేయించాలి. అలాంటి గోడకు మంచం, బీరువా ఆనించకండి. జానెడు దూరం ఉంచండి, గాలి ఆడుతుంది.

బూజు కొంచెమే ఉంటే మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో రుద్ది ఆరబెట్టండి. పొడిగా గీకకండి, బీజాలన్నీ గాల్లోకి లేస్తాయి. బ్లీచింగ్ పౌడరునూ బాత్రూం యాసిడ్‌నూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఈ పని అసలు ముట్టుకోకూడదు.

కొత్త అపార్టుమెంటు. రెండేళ్లు కాలేదు, అప్పుడే చెమ్మ. బాడుగకున్న మేం ఎవరిని అడగాలి?

మీరు ఓనరును, ఓనరు బిల్డరును. రెరా అని అందరూ అనే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ సంగతి తెలియక సొంత డబ్బు పెట్టుకున్న ఓనర్లు ఉన్నారు. మీరు తీసిన ఫోటోలు ఓనరుకు పంపండి, ఆయనకూ అవి పనికొస్తాయి.

ఎలుకలు, పందికొక్కులు సెల్లారులోంచి వస్తున్నాయి.

చిట్టెలుక పెన్సిలు పట్టే బొక్కలోంచి దూరుతుంది, పెద్ద ఎలుకకు అర అంగుళం చాలు. కాబట్టి బోను కంటే ముందు సిమెంటు. గోడలోకి దూరే పైపుల చుట్టూ గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి దాని మీద సిమెంటు పూయించండి, ఒట్టి సిమెంటును కొరికేస్తాయి. తలుపు కింద రేకు పట్టీ. డ్రైనేజీ ఛాంబర్లకు పగలని మూతలు. సెల్లారులో పందికొక్కు బొరియలు పూడ్చడం, చెత్త రోజూ తీయించడం అసోసియేషన్ పని.

మన వైపు నుంచీ ఒకటుంది. ఊరి నుంచి సోనా బియ్యం, శెనక్కాయలు, జొన్నలు బస్తాలతో తెచ్చి మంచం కిందో, సజ్జ మీదో పెడతాం. నేనూ అంతే పెట్టేదాన్ని. గోనెసంచి ఎలుకకు విందు పిలుపు. మూతున్న రేకు డ్రమ్ములో పోసుకోండి.

పసుపు ఫాస్ఫరస్ ఉన్న ఎలుకల పేస్టు పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. అది కాలేయాన్ని తినేస్తుంది. ఎలుకలుంటే వాటి వెంట పాములూ వస్తాయి, ఊరి శివారు అపార్టుమెంట్లలో ఇది మామూలే.

పావురాలు పురుగుల లెక్కలోకి వస్తాయా?

వాటి రెట్ట, ఈకల దుమ్ము ఎక్కువకాలం పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, మామూలు దగ్గనుకుని వదిలేస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోయేదాకా పోవచ్చు. బాల్కనీలకు వల కట్టించడం ఓనరు ఖర్చు అని మా అసోసియేషన్‌లో తీర్మానించుకున్నాం. షాఫ్టు పైన వల మాత్రం అందరి డబ్బు. ఎండిన రెట్టను చీపురుతో ఊడవకండి, నీళ్లు చల్లి నానాక మాస్కు వేసుకుని తీయండి.

దోమలు?

దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం పది రోజులు. వారానికొకసారి నిల్వ నీళ్లు ఒలకబోస్తే ఆ చక్రం తెగుతుంది. సంపు, మిద్దె ట్యాంకు మూతలు, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి మెష్, సెల్లారులో నిలిచిన నీళ్లు అసోసియేషన్ పని. ఎయిర్ కూలరు మన పని. ఎండాకాలం అయ్యాక జూన్‌లో కూలరును నీళ్లతో సహా బాల్కనీలో వదిలేస్తాం, అక్టోబరు వరకు అది డెంగీ దోమల తొట్టి. దాని గడ్డి ప్యాడ్లు కూడా ఏటా మార్చండి. పోయినేటి తడి గడ్డిలో బూజు పట్టి, ఏప్రిల్‌లో స్విచ్ వేయగానే అదంతా మీ ముఖాన కొడుతుంది.

దుమ్ము పురుగులకు కూడా ఓనరే బాధ్యుడా?

కాదు, న్యాయంగా మాట్లాడుకుందాం. అవి మన పరుపుల్లో, దిండ్లలో, మన చర్మం పొట్టు తిని బతుకుతాయి. వారానికొకసారి దుప్పట్లు, గలేబులు వేడినీళ్లలో ఉతకండి, నీళ్లు 55 డిగ్రీలు దాటాలి. పరుపు ఎండలో వేయండి, ఎండకు మనకు కరువు లేదు. తేమ తగ్గితే అవి బతకవు, అందుకే గోడ చెమ్మ ఆగితే ఇవీ తగ్గుతాయి. ఓనరు పాత్ర అక్కడి వరకే. ఓనరే మంచాలు, పరుపులు ఇచ్చిన ఇల్లయితే మాత్రం పాత పరుపు మార్చమని అడగడం సబబే.

పక్క ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ. కిటికీ తీస్తే తుమ్ములు.

ఆ మొక్క పుప్పొడి ముక్కుకూ, ఆకు చర్మానికీ పడదు. పూత రాకముందే పీకించాలి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఫోటోతో అర్జీ ఇవ్వండి, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఇస్తే కదలిక త్వరగా ఉంటుంది. పీకేవాళ్లకు గ్లౌజులు ఇవ్వండి.

నల్లులు, చెదలు?

నల్లులు పాత సోఫాలు, మంచాలు, ప్రయాణం సంచుల వెంట వస్తాయి. ఎవరు తెచ్చారో తేల్చడం కష్టం, కాబట్టి ఇల్లు చేరిన మొదటి నెలలో కనిపిస్తే ఓనరు, తర్వాతైతే ఉండేవాళ్లు అని రాసుకోవడం మేలు. చెదలు పూర్తిగా ఓనరు పని, తలుపు చట్రాలు ఆయనవే కదా. మట్టి గీత కనిపించిన రోజే ఫోటో పంపండి.

ఓనరుకు ఎలా చెప్పాలి? ఫోన్ చేస్తే "చూద్దాంలే" అంటారు.

ఫోనులో మాట్లాడాక అదే విషయం వాట్సాప్‌లో రాయండి. తేదీ, చోటు, ఫోటో, ఏం కావాలో, ఎప్పటికి కావాలో. కోపం వద్దు, బతిమాలడం కూడా వద్దు. మా అపార్టుమెంటులో ఒకమ్మాయి పంపిన మెసేజ్ ఆమె అనుమతితో ఇక్కడ పెడుతున్నాను, ఫ్లాటు నంబరు తీసేసి:

"సార్ నమస్తే. సింకు కింద పైపు జాయింటు దగ్గర 10 రోజులుగా నీళ్లు కారుతున్నాయి. వీడియో పెట్టాను. చెక్క అలమర ఉబ్బింది, బొద్దింకలు ఎక్కువయ్యాయి. బాబుకు ఆయాసం ఉంది. ఈ ఆదివారం లోపల ప్లంబర్‌ను పంపించండి సార్. మీకు కుదరకపోతే నేనే పిలిపించి బిల్లు పంపిస్తాను, వచ్చే నెల బాడుగలో తగ్గించుకుందాం. సరేనా సార్?"

"సరేమ్మా, నువ్వే చేయించు" అని పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆ "సరే" రాతలో ఉండటమే కావాల్సింది.

బాగు చేయించకపోతే బాడుగ ఆపేయొచ్చా?

మొత్తం ఆపేయకండి. బాడుగ బకాయి అనే ఒక్క కారణం చాలు, మీ వైపున్న న్యాయమంతా పక్కకుపోతుంది. ఖర్చు తగ్గించుకోవడం వేరు, ఆపేయడం వేరు. మోడల్ చట్టంలో కూడా మరమ్మతు ఖర్చు ఒక నెలలో సగం బాడుగకు మించి తగ్గించకూడదని హద్దు పెట్టారు. రాతపూర్వకంగా చెప్పినా బాగు చేయించక ఇల్లు ఉండలేనట్టయితే 15 రోజుల నోటీసుతో వదిలి వెళ్లొచ్చని కూడా ఉంది. ఓనరు తనిఖీకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, పొద్దు పొడవకముందు, పొద్దు పోయాక రాకూడదు. కోపంతో నీళ్లు, కరెంటు ఆపడం ఓనరుకూ తగదు. అంతదాకా వస్తే లాయరును కలవండి, మీ దగ్గరున్న రాతలన్నీ తీసుకుని వెళ్లండి.

ఖాళీ చేస్తుంటే చెమ్మ మరకలకు అడ్వాన్సులో కోత పెడతామంటున్నారు.

మామూలు వాడకంతో వచ్చే అరుగుదల ఉండేవాళ్ల నెత్తిన పడదు, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. పైపు లీకు మరక మీ తప్పు కాదు. ఇల్లు చేరిన రోజు తీసిన వీడియో ఉంటే ఈ గొడవే రాదు. ప్రతి గోడ, సింకు కింద, బాత్రూం మూలలు, సజ్జ లోపల నెమ్మదిగా తీసి ఓనరుకు అదే రోజు పంపండి.

వేరే దేశాల్లో దీనికి చట్టాలున్నాయా?

ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో 2018లో లోకల్ లా 55 అని ఒక చట్టం తెచ్చారు. మూడు, అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాల ఓనర్లు ఏటా ప్రతి ఇల్లూ బూజుకు, ఎలుకలకు, బొద్దింకలకు తనిఖీ చేయాలి. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఇంకా చిన్న భవనాలకూ వర్తిస్తుంది. మందు కొట్టి ఊరుకోవడం కాదు, లీకులు ఆపి, సందులు మూయాలని అందులోనే ఉంది. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో బూజు పట్టిన ఇంట్లో ఉండి 2020లో రెండేళ్ల అవాబ్ ఇషాక్ చనిపోయాడు. తల్లిదండ్రులు చెప్పినా ఇల్లు బాడుగకిచ్చిన సంస్థ వినిపించుకోలేదు. ఆ బాబు పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది, ప్రభుత్వ సాయంతో నడిచే బాడుగ ఇళ్లలో చెమ్మ, బూజు ఫిర్యాదుకు గడువులు పెట్టారు. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు మా అమ్మాయి పాత ఫోటోలు చూస్తూ కూర్చున్నాను.

నేను ఓనరును. ఇంత ఖర్చు నేనెందుకు పెట్టాలి?

పైపు జాయింటు మార్చడం వందల్లో పని. రెండేళ్లు వదిలేస్తే స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడి లక్షల్లోకి పోతుంది. ఇల్లు మీదే, పాడయ్యేదీ మీదే. బాడుగకున్నవాళ్లు లీకు చెప్పారంటే మీ ఆస్తికి కాపలా కాస్తున్నారని అనుకోండి, సణుగుతున్నారని అనుకోకండి.

మా ఫ్లాటు ఖాళీ అయిన ప్రతిసారీ వారం ఆపి ఈ పనులు చేయిస్తాను. ప్లంబర్ భాయ్ వచ్చి అన్ని జాయింట్లూ చేత్తో తడిమి చూస్తాడు. వంటింటి బండల సందులు పూడ్పిస్తాను. జాలీలు మార్పిస్తాను. అలమరలు, సజ్జ సబ్బునీళ్లతో కడిగించి, ఆరాక జెల్ పెట్టిస్తాను. బూజు మరక ఉంటే మూలం తేలేదాకా పెయింటు వేయించను. కొత్తవాళ్లు దిగే ముందు రోజు రాత్రి పదింటికి నేనే వెళ్లి, లైటు వేయకుండా వంటింట్లో అయిదు నిమిషాలు నిలబడి, బండ కింద టార్చి వేసి చూస్తాను. ఒక్కటి కనిపించినా తాళాలు ఇవ్వడం ఇంకో వారం వాయిదా వేస్తాను. ఆ వారం బాడుగ నాకు పోతుంది, పోనీ.